పతాక నిధి: దానమా, బాకీనా?

ఏటా డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్లకు, 1949 ఆగస్టు 28న, రక్షణ మంత్రి ఏర్పాటు చేసిన కమిటీ ఈ దినం జరపాలని నిర్ణయించింది. ఆ డిసెంబరు నుంచి ఇది ఆనవాయితీగా సాగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితపు జెండాలు బడుల్లో, ఆఫీసుల్లో, కూడళ్లలో పంచి, ఎవరికి తోచినంత వారి దగ్గర తీసుకుంటారు. మూడు రంగులూ సైన్యానికి, నౌకాదళానికి, వాయుసేనకు గుర్తులు. జిల్లాల్లో ఈ పని చూసేది సైనిక సంక్షేమ కార్యాలయం. దేశం మొత్తం మీద కేంద్రీయ సైనిక బోర్డు దీన్ని నడుపుతుంది. యుద్ధాల్లో నష్టపోయిన కుటుంబాలకు పునరావాసం, కొలువులో ఉన్న సైనికుల కుటుంబాల సంక్షేమం, మాజీ సైనికుల సంక్షేమం అనే మూడు పనులకు ఈ సొమ్ము వాడాలి. వేర్వేరు పేర్లతో ఉన్న నిధులను 1993లో కలిపి సాయుధ దళాల పతాక దిన నిధిగా చేశారు.

ఈ వసూలు మీద రెండు అభిప్రాయాలున్నాయి. సైనికుణ్ణి సరిహద్దుకు పంపింది ప్రభుత్వం గనుక అతని కుటుంబాన్ని చూడవలసిందీ ప్రభుత్వమేనని, జనం దగ్గర చందా పోగుచేయడం తగదని ఒక వాదం. సైన్యం ప్రభుత్వానిది మాత్రమే కాదు, ప్రజలది కూడా కాబట్టి ప్రజలు నేరుగా పాలుపంచుకోవాలని మరో వాదం. కింది సంవాదంలో మొదటి వాదం పదాతిదళంలో పనిచేసి రిటైరైన సుబేదారుది. రెండోది ఏటా తన బడి పిల్లలతో పతాక దినం జరిపించే హైస్కూలు హెడ్మాస్టరుది.

సుబేదారు: జెండాలు పంచడం మీద పేచీ లేదు మాస్టారూ, హుండీ మీదే పేచీ. నేల మీదైనా, నీటి మీదైనా, గాలిలోనైనా ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తానని, ప్రాణం మీదికి వచ్చినా ఆజ్ఞ దాటనని సైనికుడు ప్రమాణం చేస్తాడు. ఆ ప్రమాణం చేయించుకునేది ప్రభుత్వం. అతను పోతే ఇల్లు గడవడం, గాయపడితే వైద్యం, ముసలితనంలో పింఛను కూడా అది చూడాల్సిందే. అందులో ఏ కొంచెం బడిపిల్లల హుండీకి వదిలినా, హక్కుగా రావలసింది దయగా మారిపోతుంది.

మాస్టారు: ప్రభుత్వం చేతులెత్తేసిందని అనలేం కదా సుబేదారు గారూ. శత్రువుతో పోరులో మరణించిన సైనికుడి కుటుంబానికి ఆఖరి జీతమంత పింఛను వస్తుంది. 2016 నుంచి కేంద్రం ఇచ్చే పరిహారం, మరణించిన పరిస్థితిని బట్టి, 25 లక్షల నుంచి 45 లక్షల దాకా ఉంది. రిటైరైనవారికి వైద్యం కోసం 2003లో ఈసీహెచ్‌ఎస్ వచ్చింది. ఒకే ర్యాంకుకు ఒకే పింఛను 2014 జులై నుంచి లెక్కలోకి వచ్చింది. ఇవన్నీ బడ్జెట్ నుంచే వస్తున్నాయి, హుండీ నుంచి కాదు.

సుబేదారు: మరి హుండీ సొమ్ము ఎవరికి పోతోంది?

మాస్టారు: ఆ పద్దులకు అందనివారికి. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంతకుముందే రిలీవైనవారికి మామూలుగా నెలనెలా వచ్చేది ఏమీ ఉండదు. అలాంటివారిలో 65 ఏళ్లు దాటి, హవల్దారు అంతకంటే కింది ర్యాంకుల్లో పనిచేసి, దిక్కులేని స్థితిలో ఉన్నవారికి, అలాంటివారి వితంతువులకు పతాక నిధి నుంచి నెలసరి సాయం అందుతుంది. అది 4,000 రూపాయలుగా ఉండేది, 2025లో 8,000 చేశారు. అదే ఏడు పిల్లల చదువు సాయాన్ని నెలకు 1,000 నుంచి 2,000కు, పెళ్లి సాయాన్ని 50,000 నుంచి లక్షకు పెంచారు. బడిపిల్లలు వేసిన పది రూపాయలు చివరికి చేరేది ఈ ఇళ్లకే.

సుబేదారు: మీరు చెప్పిందే నా వాదానికి బలం. దేశం కోసం పదేళ్లు తుపాకీ మోసినవాడు 65 ఏళ్ల వయసులో తాను దిక్కులేనివాణ్ణని కాగితం రాసిచ్చి, సంతకం పెట్టి, చేయి చాచాలా? ఆ 8,000 ఇచ్చేది మంచి పనే. కానీ అది బడ్జెట్‌లో పద్దుగా ఉంటే సైనికుడు అడిగి పుచ్చుకోవచ్చు. నిధిలో ఉంటే ప్రార్థించి పుచ్చుకోవాలి. ఇకముందు ఈ అగాధం పెరిగేదే కానీ తగ్గేది కాదు. 2022లో అగ్నిపథ్ అనే నియామక పథకం వచ్చింది. నాలుగేళ్ల సర్వీసు, ఆ తరవాత నాలుగింట ఒక వంతు మందినే అట్టిపెట్టుకుంటారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకుని ఇంటికి రావాలి. పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు.

మాస్టారు: ఆ పథకంలో చేరిన అగ్నివీర్ సేవలో మరణిస్తే 48 లక్షల బీమా ఉంది. విధి నిర్వహణ వల్ల పోతే మరో 44 లక్షలు, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి కూడా కుటుంబానికి చేరతాయి. తక్కువేమీ కాదు.

సుబేదారు: ఒక్కసారిగా వచ్చే మొత్తం పెద్దదే. కానీ యాభై ఏళ్ల తల్లిదండ్రులు ఉన్న ఇంట్లో ఆ మొత్తం అప్పులకు, ఇంటికి, పెళ్లిళ్లకు కరిగిపోతుంది. వాళ్లు బతికున్నంత కాలం ఒకటో తారీఖున బ్యాంకులో పడేది పింఛనే. 2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో వీరమరణం పొందితే రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల భూమి, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. చేయవలసిందే చేశారు. కానీ అదంతా ఒక ముఖ్యమంత్రి ప్రకటన వల్ల వచ్చింది. పక్కనే, అదే కొండ మీద, వేరే రాష్ట్రం కుర్రాడు పడిపోతే అతని ఇంటికి ఏది వస్తుందన్నది ఆ రాష్ట్రం తీసుకునే నిర్ణయం. ప్రాణం విలువ రాష్ట్ర సరిహద్దుతో మారకూడదు.

ఇక్కడ హెడ్మాస్టరు ఒక విషయం ఒప్పుకున్నాడు: చట్టంలో లేని సాయం అందరికీ సమానంగా అందదు. అయితే చట్టం మారేదాకా ఆ ఇంటి పొయ్యి ఆగదని అతని జవాబు. దానికి తోడు, ప్రజల విరాళం చేసిన పని ఎంత దూరం వెళ్తుందో చరిత్ర నుంచి చూపాడు.

మాస్టారు: 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జాతీయ రక్షణ నిధి పెట్టారు. ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఇచ్చిన కాలం అది. యుద్ధం నెలరోజుల్లో ముగిసింది, నిధి మాత్రం మిగిలింది. ప్రధానమంత్రి ఉపకార వేతనాలన్న పేరుతో 2006 నుంచి మాజీ సైనికుల పిల్లలకు వృత్తి విద్యకు సాయం వస్తున్నది దాని నుంచే. ఏటా 5,500 మందికి, నెలకు అబ్బాయికి 2,500, అమ్మాయికి 3,000. అప్పుడు చేతి గాజు తీసి ఇచ్చిన తల్లి దానం ఇప్పుడొక అమ్మాయి బీటెక్ ఫీజయింది. బడ్జెట్ పద్దు ఏటా పుట్టి ఏటా ముగుస్తుంది. జాగ్రత్తగా కాపాడిన దానం తరాలు దాటుతుంది.

సుబేదారు: కాపాడితేనే. ఆ రోజుల దాతృత్వం గురించి కథలు కూడా చాలా పెరిగాయి. 1965లో నిజాం రక్షణ నిధికి 5,000 కిలోల బంగారం దానం చేశాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి ఆయన 425 కిలోల బంగారాన్ని వడ్డీ వచ్చే ప్రభుత్వ స్వర్ణ బాండ్లలో పెట్టుబడిగా పెట్టారు. అదీ కష్టకాలంలో దేశానికి ఆసరాయే, కానీ పెట్టుబడి వేరు, దానం వేరు. దాత పేరు పెద్దదైతే కథ పెరుగుతుంది, పుచ్చుకున్నవాడి గురించి ఎవరూ అడగరు. విరాళం వెనక ఉన్న ఈ గుణమే నాకు భయం.

మాస్టారు: ఆ భయానికి మందు లెక్కల బహిరంగత. ఎంత వచ్చింది, ఎవరికి పోయింది, ఎంత మిగిలింది అని ఏటా చెబితే కథలకు చోటుండదు.

సుబేదారు: లెక్కలు చెప్పినా ఇంకో చిక్కు మిగులుతుంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణలో మనవాళ్లు 20 మంది నేలకొరిగారు. వారిలో సూర్యాపేటకు చెందిన కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు ఒకరు. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్లు, స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మిగిలిన 19 కుటుంబాలకు, అవి వేరే రాష్ట్రాలవైనా, తలా 10 లక్షలు ప్రకటించింది. వేరే రాష్ట్రాల జవాన్లను కూడా గుర్తుపెట్టుకోవడం గొప్ప సంగతి. అయినా ఆ రాత్రి అదే లోయలో పక్కపక్కన నిలబడి పోయినవారి మధ్య తేడా కోట్లకూ లక్షలకూ మధ్య ఉంది. టీవీలో ముఖం కనిపించిన ఇంటికి చెక్కుల వరద, కనిపించని ఇంటికి కన్నీరు. పెద్ద సంఘటన జరిగినప్పుడు జనం ఇవ్వడానికి ఎగబడతారు. అదే నెలలో మంచు చరియ కింద పడిపోయిన కుర్రాడి గురించి ఊరి బయట తెలియదు.

మాస్టారు: ఆ చిక్కుకు పరిష్కారం వెతికినవారున్నారు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు చరియలు విరిగిపడి పదిమంది మరణించినప్పుడు, ఆ కుటుంబాలకు డబ్బు పంపుతామని చాలామంది ముందుకొచ్చారు. యుద్ధ మృతుల, క్షతగాత్రుల కోసం సైన్యానికి వేరే నిధి వచ్చింది ఆ స్పందన వల్లే. దాత ఏ ఒక్కరి పేరూ ఎంచుకోనక్కర్లేదు, నియమం ప్రకారం అందరికీ పోతుంది. కేంద్ర సాయుధ పోలీసు దళాల కోసం 2017లో వచ్చిన భారత్ కే వీర్‌లో దాత ఒక అమరుడి పేరు ఎంచుకోవచ్చు, కానీ ఆ ఖాతాలో 15 లక్షలు నిండితే ఆగిపోతుంది. మిగిలింది దాత మరో అమరుడి ఖాతాకో, ఉమ్మడి నిధికో మళ్లించవచ్చు. మనసు ఒక ముఖం చూసి కరిగితే తప్పు లేదు. కరిగిన మనసు తెచ్చిన సొమ్ము తేడా లేకుండా పంచే గట్టు ఉంటే చాలు.

సుబేదారు: ఆ గట్టుకు అభ్యంతరం లేదు. అలాగే ఎవరి చూపూ పడని చోట దానం విలువ కూడా కాదనను. పుణె దగ్గర ఖడ్కీలో పక్షవాతానికి గురైన సైనికుల పునరావాస కేంద్రం ఉంది. 1974 నుంచి నడుస్తోంది. వెన్నెముక విరిగి, నడుము కింద స్పర్శ పోయినవారు అక్కడ ఏళ్లతరబడి ఉంటారు. వాళ్లలో అందరూ యుద్ధంలో గాయపడినవారు కారు. లారీ బోల్తా కొట్టినవాడు, కొండ మీంచి జారినవాడు, సెలవులో ఊరికి వస్తూ ప్రమాదంలో పడ్డవాడు కూడా ఉంటారు. వాళ్లకు పతకాలు రావు, పేపర్లో ఫొటో పడదు. అలాంటి చోటికి చక్రాల కుర్చీ, పుండ్లు పడకుండా కాపాడే పరుపు, ఆటలాడించే కోచ్‌ను పంపడం నిజమైన సాయం. ఇప్పుడు అదే ఊళ్లో ఉన్న క్వీన్ మేరీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవారి కోసం మొదలైంది. చేతిపని నేర్పి తిరిగి నిలబెట్టడం దాని ధర్మం.

మాస్టారు: మరైతే మన మధ్య తేడా ఎక్కడ సుబేదారు గారూ?

సుబేదారు: ఏది బాకీ, ఏది దానం అన్న గీతలో. సైనికుడికి న్యాయంగా రావలసినదాన్ని మింగేసి, దాని స్థానంలో దానం పెట్టకూడదు. ఒక ఉదాహరణ చూడండి. సైన్యంలో చేరిన రోజున ఆరోగ్యంగా ఉన్నవాడికి కొలువులో ఉండగా జబ్బు వస్తే, అది కొలువు వల్ల వచ్చిందనే అనుకోవాలని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వైకల్య పింఛను కోసం మాజీ సైనికులు ట్రైబ్యునళ్ల చుట్టూ తిరుగుతున్నారు. కోర్టులో గెలిచినవాడి మీద మళ్లీ అప్పీలుకు వెళ్లే ప్రభుత్వం, డిసెంబరులో బడిపిల్లలకు హుండీలు పంచడం తగదు.

మాస్టారు: అక్కడ మీ మాట కాదనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. కానీ పౌరుడు చేయగల పని అక్కడే ఉంది. డబ్బు ఇవ్వడం ఒక్కటే సాయం కాదు. ఒక ముసలి వితంతువు పింఛను ఎందుకు ఆగిందో చూడండి. భర్త డిశ్చార్జి బుక్కులో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది. పెళ్లి విషయం, పిల్లల పుట్టిన తేదీలు రికార్డు ఆఫీసులో పార్ట్ టూ ఆర్డరుగా నమోదై ఉండవు. రికార్డు ఆఫీసు ఎక్కడో కూడా ఆమెకు తెలియదు. ఫిరంగిదళం వాళ్లకు నాసిక్‌లో, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగం వాళ్లకు సికింద్రాబాద్‌లో, మద్రాసు రెజిమెంటు వాళ్లకు నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో. ఇప్పుడు పింఛనంతా స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారింది, ఏటా బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది అందకపోతే పింఛను ఆగుతుంది. ఒక లాయరు, ఒక కంప్యూటర్ తెలిసిన కుర్రాడు నెలకో పూట కూర్చుని ఈ కాగితాలు సరిచేస్తే, లక్ష రూపాయల విరాళం కంటే ఎక్కువ మేలు. అది బాకీని దానంతో పూడ్చడం కాదు, బాకీని బాకీగానే వసూలు చేయించడం.

సుబేదారు: ఆ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. మాధవరం లాంటి ఊళ్లలో ఇలాంటి చేయూత ఎంత అవసరమో చూస్తే తెలుస్తుంది. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పిలిచే ఆ ఊళ్లో ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఇంటింటికీ సైనికుడు. అక్కడ తాతకు, తండ్రికి, కొడుకుకు వేర్వేరు కాలపు నియమాలు. ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు రకాల హక్కులు.

తరవాత చర్చ స్మరణ వైపు మళ్లింది. పతాక దినానికి రెండో ముఖం అదే. జెండా గుండెకు పెట్టుకోవడం డబ్బు కోసమే కాదు, గుర్తు కోసం కూడా.

మాస్టారు: బాకీ తీరినంత మాత్రాన స్మరణ తీరదు. ఢిల్లీ ఇండియా గేటును బ్రిటిష్ ప్రభుత్వం 1931లో ప్రారంభించింది. అందులో మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆఫ్ఘన్ యుద్ధంలో పోయిన 13 వేల మంది పేర్లున్నాయి. స్వతంత్ర దేశం తన వీరులకు 1972 జనవరిలో అక్కడే అమర్ జవాన్ జ్యోతి వెలిగించింది, కానీ పేర్లు రాయలేదు. ఆ పేర్లకు 2019 ఫిబ్రవరి 25 దాకా ఆగాలి. అప్పుడు జాతీయ యుద్ధ స్మారకం వచ్చింది. అందులో త్యాగ చక్రం చుట్టూ గోడల్లో 1947 తరవాత మరణించిన 25 వేల మందికి పైగా పేర్లు ఒక్కో గ్రానైట్ ఇటుక మీద చెక్కి ఉన్నాయి. కొడుకు పేరు వేలితో తడిమి చూసుకునే చోటు తల్లికి దొరకడం చిన్న సంగతి కాదు.

సుబేదారు: ఏడు దశాబ్దాలు పట్టిందన్న మాట మరవకండి. ఢిల్లీ వెళ్లడానికి ఎందరు తల్లులకు వీలవుతుంది?

మాస్టారు: అందుకే దగ్గరి స్మారకాలు కావాలి. విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ 1971 యుద్ధానికి గుర్తు. ఆ డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగింది. సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో వీరుల సైనిక స్మారకం ఉంది. జాతీయ దినాల్లో ముఖ్యమంత్రులు అక్కడ పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఊళ్లలో బస్టాండు పక్కన, బడి ముందు అమరుడి విగ్రహం పెట్టి ఏటా వర్ధంతి చేసే ఆనవాయితీ పెరుగుతోంది.

సుబేదారు: విగ్రహం పెట్టడం తేలిక. రాయికి పూలదండ వేసి, ఇంట్లో ఉన్న మనుషుల్ని మరిచిపోవడం ఇంకా తేలిక. మన పూర్వులు ఈ విషయంలో తెలివిగా ఉన్నారు. దక్కన్ అంతటా వీరగల్లులున్నాయి. యుద్ధంలో పోయినవాడి బొమ్మ రాతి మీద చెక్కేవారు. అతని కుటుంబానికి మాన్యం ఇచ్చిన శాసనాలు కూడా ఉన్నాయి. అంటే జ్ఞాపకం, పోషణ ఒకేచోట ఉండేవి. రాయి పేరును కాపాడితే, మాన్యం పిల్లల్ని కాపాడేది.

మాస్టారు: కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు అలాగే సాగుతున్నాయి. 12వ శతాబ్దపు యుద్ధంలో పోయిన వీరుల ఆయుధాలను కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు పూజిస్తారు. మందపోరు నాడు కులం చూడకుండా అందరూ కలిసి చాపకూడు తింటారు. ఎనిమిది వందల ఏళ్ల స్మరణ నిలిచింది, ఎందుకంటే దానిలో ఊరు పాలుపంచుకుంది. ప్రభుత్వం చేసే స్మరణ ఒక తేదీతో ఆగుతుంది, ప్రజలు చేసే స్మరణే ఏళ్లు దాటుతుంది.

సుబేదారు: అయితే స్మరణ బతికున్నవారికి బంధనం కాకూడదు. శౌర్య పతకంతో వచ్చే నెలవారీ భత్యం, వితంతువు భర్త తమ్ముణ్ణి లేక అన్నను చేసుకుంటే తప్ప, మళ్లీ పెళ్లితో పోయేది. ఆ నియమాన్ని 2017 నవంబరులో తీసేశారు. అప్పటిదాకా స్మరణ పేరుతో ఒక యువతిని ఆ ఇంటి గడప దాటనీయని నియమం అది. వీరుడి భార్యగా ఆమెను గౌరవించాలి, కానీ జీవితాంతం అదొక్కటే ఆమె గుర్తింపు కాకూడదు. అలాగే పింఛను భార్యకు వస్తే కొడుకునే నమ్ముకున్న తల్లిదండ్రులు మిగిలిపోతారు. సాయం చేసేవారు ఇద్దరి మధ్యా కలతలు పెట్టకుండా, ఇద్దరి అవసరాలూ చూడాలి.

మాస్టారు: ఆ జాగ్రత్త అందరికీ కావాలి, పిల్లలకు కూడా. అమరుడి కూతురు బడిలో చదువుతుంటే, ఏటా వేదికెక్కించి ఏడిపించడం స్మరణ కాదు. ఆమె చదువుకు అడ్డంకి రాకుండా చూసి, తండ్రి గురించి మాట్లాడాలని ఆమెకు అనిపించినప్పుడు వినడమే స్మరణ.

ఇంత చర్చ తరవాత ఇద్దరికీ మూడు విషయాల్లో ఏకాభిప్రాయం కుదిరింది. ఒకటి, పింఛను, వైద్యం, మరణ పరిహారం, వైకల్య పింఛను ప్రభుత్వం బాకీ. వాటిలో లోటు ఉంటే చట్టంలోనే సరిదిద్దాలి, విరాళంతో కప్పకూడదు. రెండు, విరాళం ఇచ్చేవారు పేరున్న ఒక్క కుటుంబానికే కాక, నియమం ప్రకారం అందరికీ పంచే ఉమ్మడి నిధులకు, ఖడ్కీ లాంటి దీర్ఘకాల వైద్య కేంద్రాలకు, చదువులకు ఇవ్వాలి. పతాక నిధికి ఇచ్చే విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం మాజీ సైనికులకు, యుద్ధ వితంతువులకు చేసే సాయాన్ని కంపెనీలు తమ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చులో చూపుకోవచ్చు. మూడు, డబ్బుకంటే ముందు సమయం కావాలి. పింఛను కాగితాలు, ట్రైబ్యునల్ కేసులు, ఆసుపత్రి తోడు, ఊరి స్మారకం సంరక్షణ పౌరుల చేతిలో ఉన్న పనులు.

తేడా ఒక్కచోట మిగిలింది. పింఛను లేని ముసలి సైనికుడికి వచ్చే 8,000 రూపాయలు బడ్జెట్‌లోకి మారాలన్నది సుబేదారు పట్టు. అంతవరకు హుండీ ఆపితే నష్టపోయేది ఆ ముసలివాడే గనుక, బడ్జెట్ కోసం అడుగుతూనే హుండీ నింపాలన్నది హెడ్మాస్టరు పట్టు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. డిసెంబరు 7న జెండా తీసుకునే పౌరుడు హుండీలో డబ్బు వేయవచ్చు, తన ఎంపీకి ఉత్తరం కూడా రాయవచ్చు. ఒకటి ఈ నెల ఆకలి తీరుస్తుంది, రెండోది రేపటి తరానికి హక్కు తెస్తుంది.